వేసవి కూలికి లెక్క లేదా?

నల్లగొండ, పాలమూరు జిల్లాల వాళ్ళకి వలస కొత్త కాదు. మేస్త్రీ చేతిలో పెట్టిన అడ్వాన్సు తీసుకుని, పిల్లల్ని చంకనేసుకుని, ముంబై, పూణేల దాకా వెళ్ళి రోడ్లు వేసిన, ఆనకట్టలు కట్టిన కుటుంబాలు ఆ వూళ్ళల్లో ఎన్నో. గత పాతికేళ్ళలో దీనికి మరో దారి తోడయింది. దేవరకొండ నుంచి, కల్వకుర్తి నుంచి, నారాయణపేట నుంచి యింజనీరింగ్ చదివిన పిల్లలు ఎం.ఎస్. కోసం అమెరికాకి, బ్రిటన్‌కి వెళుతున్నారు. 2023-24లో అమెరికాలోని విదేశీ విద్యార్థుల్లో అందరికన్నా ఎక్కువమంది భారతీయులే - 3,31,602 మంది. వాళ్ళలో మన ఆడపిల్లలూ వున్నారు. ఇంటర్ కాగానే పెళ్ళి మాట ఎత్తే వూళ్ళ నుంచి వొక అమ్మాయి వొంటరిగా విమానం ఎక్కడం చిన్న విషయం కాదు.

ఆ అమ్మాయి తొలి వేసవి సెలవుల్లో ఏం చేస్తోంది? యీ ప్రశ్న మనం వేసుకోవటం లేదు.

చట్టం చెప్పేది యిది. అమెరికాలో ఎఫ్-1 వీసా మీద చదివేవాళ్ళు క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు, సెలవుల్లో పూర్తికాలం, యూనివర్సిటీ ఆవరణలో పని చెయ్యొచ్చు. బయట చెయ్యాలంటే విడిగా అనుమతి కావాలి. సాధారణంగా వొక విద్యాసంవత్సరం పూర్తయితే గాని అది దొరకదు. బ్రిటన్‌లో డిగ్రీ, ఆపై చదువులకి కూడా వారానికి 20 గంటలే, సెలవుల్లో పూర్తికాలం. కానీ ఏడాది మాస్టర్స్ చదివేవాళ్ళు డిసర్టేషన్ రాసే వేసవి నెలలు సెలవు కిందికి రావు. ఆ తేడా తెలియకుండానే విమానం ఎక్కేవాళ్ళున్నారు.

లైబ్రరీలో, క్యాంటీన్లో దొరికే పనులు కొన్ని. వాటికోసం ఎదురుచూసే వాళ్ళు బోలెడుమంది. ఆపైన మగపిల్లలు పెట్రోలు బంకులకీ, దుకాణాలకీ వెళుతున్నారు. ఆడపిల్లలు యిళ్ళకి వెళుతున్నారు. పసిపిల్లల్ని చూడటం, వంట చెయ్యటం, తరచుగా మన తెలుగువాళ్ళ యిళ్ళల్లోనే. నాతో మాట్లాడిన అమ్మాయిలు చెప్పిన విషయాలు యించుమించు వొకేలా వున్నాయి. పిల్లని చూడటానికని పిలిచి గిన్నెలూ, బట్టలూ, వచ్చిన చుట్టాలకి వంటా కలిపారు. మా చెల్లెలి లాంటిదానివి అంటూనే గంటలు లెక్కపెట్టటం మానేశారు. డబ్బులు అడిగితే వీసా గుర్తు చేశారు. యింటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం ఆ అమ్మాయిలు లైబ్రరీలో పని అనే చెప్పారు.

ఎందుకీ మౌనం? పాలమూరు కూలీని మేస్త్రీ అడ్వాన్సు పనిచోట కట్టేస్తుంది. యీ అమ్మాయిని బ్యాంకు అప్పు, తాకట్టులో వున్న నాలుగెకరాలు కట్టేస్తున్నాయి. పైగా కొడుకు చదువుకి చేసిన అప్పుని పెట్టుబడి అంటారు. కూతురి చదువుకి చేసిన అప్పు ఆమె మీద చూపిన దయ! ఆ దయకి కృతజ్ఞతగా ఆమె వాయిదాలు కట్టాలి, కష్టం చెప్పకూడదు. పుట్టింట్లో పైసా లేకుండా చేసిన పని, సముద్రాలు దాటాక మాత్రం పని ఎలా అవుతుందని ఆ యిళ్ళవాళ్ళ ధీమా. పితృస్వామ్యానికి పాస్‌పోర్టు అక్కర్లేదు.

యిక్కడ రెండు విషయాలు విడదీసి చూడాలి. అనుమతి లేని పని వీసాకి ప్రమాదమే, దాచి లాభం లేదు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ వ్యవహారం బయటపడినప్పుడు మన విద్యార్థుల కాళ్ళకి రేడియో పట్టీలు కట్టారు. 2019లో మిషిగన్‌లో, అక్కడి ప్రభుత్వమే వల పన్ని నడిపిన ఫార్మింగ్టన్ అనే నకిలీ యూనివర్సిటీలో పట్టుబడిన వాళ్ళలో తెలుగువాళ్ళు అనేకులు. అయితే చేసిన పనికి కూలి అడిగే హక్కు వేరు. అమెరికా కనీస వేతన చట్టం వీసా హోదా చూడదు. 2009 నుంచి ఫెడరల్ కనీస వేతనం గంటకి 7.25 డాలర్లు. చాలా రాష్ట్రాల్లో అంతకన్నా ఎక్కువ. ఎప్పుడో వొకసారి పిల్లల్ని చూసే పనికి మినహాయింపు వుంది గాని, రోజూ చేసే యింటి చాకిరీకి లేదు. లైంగిక దాడి వంటి తీవ్ర నేరానికి గురైన వ్యక్తి దర్యాప్తుకి సహకరిస్తే యు-వీసాకి దరఖాస్తు చేసుకునే వీలుని 2000 సంవత్సరపు చట్టం కల్పించింది. యజమాని బెదిరింపుకి బలం యీ సంగతులు తెలియకపోవటంలోనే వుంది.

అంబేద్కర్, ఫూలే పేర్ల మీద వున్న ఓవర్సీస్ విద్యానిధి పథకాల ద్వారా తెలంగాణ ప్రభుత్వం దళిత, ఆదివాసీ, బి.సి. విద్యార్థులకి 20 లక్షల దాకా యిస్తోంది. మంచిదే. డబ్బుతో పాటు హక్కుల సమాచారం కూడా యివ్వాలి. నల్లగొండలోని మహాత్మాగాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు యూనివర్సిటీ బయలుదేరే పిల్లలకి తెలుగులో శిక్షణ పెట్టాలి. స్త్రీల సంఘాలకి అందులో చోటివ్వాలి. విదేశాల్లో అట్టహాసంగా మహాసభలు జరిపే తెలుగు సంఘాలు తమ సభ్యుల యిళ్ళల్లో పనిచేసే అమ్మాయిల కూలి గురించి కూడా వొక తీర్మానం చెయ్యాలి.

తల్లిదండ్రులకి వొక మనవి. ఫోన్లో యీ నెల ఎంత పంపుతావని అడిగే ముందు, ఏం పని చేస్తున్నావు, ఎన్ని గంటలు, అక్కడ నీకు భయంగా వుందా అని అడగండి. పొలం పోయినా నువ్వు తిరిగి రావచ్చు అనే వొక్క మాట చెప్పండి. ఆ మాట వున్న అమ్మాయి కూలి అడగగలదు, అక్కర్లేదనుకుంటే ఆ గడప దాటి బయటికి రాగలదు.