ఐదొందల చలానా అందరికీ ఒకటేనా?

సూరత్‌లో హెల్మెట్ లేకుండా దొరికితే చలానా 500 రూపాయలు. వజ్రాల వ్యాపారి కొడుక్కీ అంతే, లింబాయత్‌లో సాంచా నడిపే కార్మికుడికీ అంతే. చట్టం ముందు అందరూ సమానం అంటే ఇదే అనిపిస్తుంది. కానీ మొదటివాడికి అది ఒక పూట హోటల్ ఖర్చు. రెండోవాడికి ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలిగించే డబ్బు. అంకె ఒకటే, శిక్షలు రెండు.

ఇది హెల్మెట్‌కు వ్యతిరేకంగా చేస్తున్న వాదన కాదు. సంపాదించే మనిషి రోడ్డు మీద పోతే వీధిన పడేది పేద కుటుంబమే. 2025 ఫిబ్రవరిలో సూరత్ పోలీసులు హెల్మెట్ నిబంధనను గట్టిగా అమలు చేయడం మొదలుపెట్టారు. అందులో తప్పు లేదు. ప్రశ్న వేరే ఉంది. చలానా చేతికొచ్చాక ఎవరికి ఏ దారి మిగులుతోంది?

మోటారు వాహనాల చట్టం 200వ సెక్షన్ కింద రోడ్డు మీద కట్టే సొమ్ము కోర్టు వేసిన జరిమానా కాదు. కేసు కోర్టుదాకా పోకుండా చేసుకునే రాజీ. రాజీ అన్నాక కాదనే హక్కు కూడా ఉంటుంది. 'నేను తప్పు చేయలేదు, కోర్టులోనే చెప్పుకుంటాను' అనవచ్చు. కెమెరా పట్టుకున్న ఉల్లంఘనకైతే 15 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలని 2021లో సవరించిన కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. కాగితం మీద ఇవన్నీ మంచి హక్కులే. కానీ నేసిన మీటర్ల లెక్కన కూలి వచ్చేవాడు కోర్టుకు పోయిన రోజు సాంచా ఆగుతుంది, కూలీ ఆగుతుంది. వాయిదా పడితే ఇంకో రోజు పోతుంది. ఐదొందల కోసం కొట్లాడితే అంతకు మించి పోతుంది కాబట్టి తప్పు చేసినా చేయకున్నా కట్టేస్తాడు. దిక్కులేక ఒప్పుకున్నదాన్ని రాజీ అనగలమా?

కోర్టు జరిమానా వేశాక కట్టలేకపోతే? కేవలం జరిమానాతో శిక్షించే నేరాల్లో, ఆ మొత్తం 5,000 రూపాయలు మించకపోయినా, కట్టనివారికి రెండు నెలలదాకా సాధారణ జైలు శిక్ష వేయడానికి భారతీయ న్యాయ సంహిత 8వ సెక్షన్ వీలిస్తోంది. చలానా బాకీ ఉన్న ప్రతివాడూ జైలుకు పోడు. కానీ ఆ భయం ఎవరి ఇంట్లో నిద్ర చెడగొడుతుందో మనకు తెలుసు. జరిమానా కట్టలేక జైల్లో ఉండిపోతున్నవాళ్లు ఉన్నారని కేంద్రమే ఒప్పుకుంది. 2023లో తెచ్చిన పేద ఖైదీల సాయం పథకంలో శిక్ష పడినవారి జరిమానాకు 25,000 రూపాయలదాకా ఇస్తారు. మన జైళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మంది దళితులు, ఆదివాసీలు, ఓబీసీలేనని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. 'పేద ఖైదీ' అనే మాట వెనుక దాక్కున్నది కులమే.

గుజరాత్ పాలకులకు ఈ భారం తెలియక కాదు. 2019 సెప్టెంబరు 1 నుంచి కొత్త చట్టం హెల్మెట్ జరిమానాను 1,000 రూపాయలు చేస్తే, విజయ్ రూపానీ ప్రభుత్వం అదే నెలలో సగానికి తగ్గించింది. ధనికుడికీ సగమే, పేదకూ సగమే. 2022లో అసెంబ్లీ ఎన్నికల ముందు, దీపావళి కానుకగా, అక్టోబరు 21 నుంచి 27 వరకు ట్రాఫిక్ జరిమానాలు వసూలు చేయబోమని సూరత్‌కే చెందిన అప్పటి హోం శాఖ సహాయమంత్రి హర్ష్ సంఘవీ ప్రకటించారు. పండుగ పోగానే వరమూ పోయింది. అంబేడ్కర్ మనకు నేర్పింది వరాలు అడుక్కోవడం కాదు, హక్కుగా తీసుకోవడం.

1978లో మోతీరాం కేసులో ఒక తాపీ మేస్త్రీని 10,000 రూపాయల జామీను అడిగినప్పుడు జస్టిస్ కృష్ణయ్యర్ ఆ పద్ధతినే తప్పుపట్టారు. దక్షిణాది మనిషి ఎక్కడో దూరాన పట్టుబడితే అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారును ఎక్కడి నుంచి తెస్తాడని అడిగారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి సూరత్ పోయిన పద్మశాలీ కార్మికుల విషయంలోనూ ఆ ప్రశ్న అలాగే ఉంది. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు సహా ఏడు మాధ్యమాల్లో బడులు నడుపుతోంది. పిల్లలకు తెలుగులో అక్షరాలు నేర్పే నగరం, తండ్రికి పంపే నోటీసును కూడా తెలుగులో ఇవ్వగలదు.

ఫిన్లాండ్‌లో 1921 నుంచే రోజు ఆదాయాన్ని కొలతగా పెట్టి జరిమానా వేసే పద్ధతి ఉంది. అతివేగంగా బండి నడిపిన కోటీశ్వరుడు అక్కడ లక్షకు పైగా యూరోలు కట్టిన సందర్భాలున్నాయి. అమెరికాలో ట్రాఫిక్ జరిమానా కట్టే స్తోమత లేదన్న కారణంతోనే జైల్లో పెట్టడం చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు 1971లో టేట్ కేసులో తేల్చింది.

మనం అడగాల్సినవీ పెద్ద కోరికలేమీ కావు. జరిమానా ఆదాయాన్ని బట్టి ఉండాలి. వాయిదాల్లో కట్టే వీలుండాలి. చలానాను సవాలు చేయడానికి సెలవు రోజునో సాయంత్రమో విచారణ జరగాలి. నోటీసు చదవగలిగే భాషలో రావాలి. ఏ బస్తీలో ఎన్ని చలానాలు రాస్తున్నారో పోలీసులు బయటపెట్టాలి. న్యాయశాస్త్రం చదివే మన పిల్లలు రాజ్యాంగంలోని 14వ అధికరణతో పాటు కార్మికుడి జేబులోని చలానా కాగితాన్నీ చదవాలి. సమానత్వం అమలవుతోందో లేదో ఆ కాగితమే చెబుతుంది.