నల్లకోటుపై నేరారోపణ

ఫ్రెంచి చిత్రకారుడు ఓనొరే దోమియే 1845–48 సంవత్సరముల నడుమ ‘షారివారి’ పత్రికలో వెలువరించిన న్యాయవాదుల శిలాముద్రణ చిత్రములను గూర్చి ఒక అభిప్రాయము పాతుకొనిపోయినది: ఆ నల్లయంగీలు ప్లీడరు వృత్తిపై ఆయన పూసిన మసి యనియు, ఆ నీడలు వారి అంతరంగ కల్మషమునకు ఛాయ లనియు. ప్లీడరును చూచి నవ్వదలచిన బెజవాడ కక్షిదారున కీ వ్యాఖ్య మిక్కిలి హితవు. చిత్రమునకు మాత్రము అపచారము.

ఈ వాదమునకు ఆధారము బొమ్మ క్రింది మాటలు. ఆ చమత్కారములలో పెక్కింటిని కూర్చినవారు పత్రికవారే గాని దోమియే కాడు. వానిని అరచేత మూసి చూడుడు: సున్నపురాతి గరుకుపై జిడ్డుసుద్ద ఒత్తిన చోట అంగీ ముడుతలు చిక్కబడి, ఆ చిక్కదనమునందును రాతిగరుకు తెల్లని చుక్కలై మినుకుచుండ, కంఠము కడ పట్టీలు ముట్టని కాగితముగనే మిగిలి, వెలుగంతయు ముఖమునకు ఎగబ్రాకును. కపటమున్నచో అది పెదవి విరుపునందును చేతి విసురునందును కలదు. నలుపు ఆ మనిషికి బరువు నిచ్చుచున్నది.

దోమియే బాల్యమున కోర్టు అమీనా కచేరీలో బంట్రోతుపని చేసి, 1832లో రాజును పరిహసించిన బొమ్మకై చెరసాల కేగినవాడు గనుక పగ తీర్చుకొనె నందురు. పగవాడు పత్రిక అడుగకయే, క్రింద వ్యాఖ్య లేకయే, అదే న్యాయవాదులను తైలవర్ణములందును నీటిరంగులందును ఏండ్లతరబడి చిత్రించునా?

నలుపును నిందగా చదువువారు కలంకారీ అద్దకపు పెడన దాక పోయి రావలెను. తుప్పుపట్టిన యినుమును బెల్లపునీట పులియబెట్టిన రసమును, కరక్కాయ పట్టించిన బట్టపై దిమ్మెతో అద్దినచో గీత నల్లబడును. ఆ గీత ఏర్పడిన పిమ్మటనే ఎరుపునకు హద్దు దొరకును. కలంకారీ నెరిగిన తీరము వారు నలుపును శోకచిహ్నముగనో పాపచిహ్నముగనో మాత్రమే యెరుగుట నాకు వింతగా నుండును.

దోమియే ప్లీడరులను పొగడె నని నే ననను. కక్షిదారుని దుఃఖమును అద్దెకు దెచ్చుకొను నటుని ఆయన బాగుగనే యెరుగును. కాని 1834 ఏప్రిలులో పారిసునందలి త్రాన్స్‌నొనాఁ వీధిలో సైనికుల చేత హతుడై, రాత్రిచొక్కాతో మంచము ప్రక్కన నేలబడియున్న నిరపరాధిని ఆయన అదే సుద్దతో, అంతే చిక్కని చీకటిలో గీసినాడు. నీడయే నేరమైనచో ఆతనిపై వీ రే సెక్షను మోపుదురు?