ప్రీమియం లెక్క రైతుకు తెలియాలి

విత్తనకాయల ధర అడిగితే వ్యాపారి చెబుతాడు. ఎరువు బస్తా మీద ధర అచ్చువేసి ఉంటుంది. ట్రాక్టరు గంటకు ఎంతో ఊళ్లో అందరికీ తెలుసు. పంట బీమా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘ఎకరాకు ఇంత కట్టాలి’ అన్న ముక్క తప్ప, ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో సన్న, చిన్నకారు రైతుకు విడమర్చి చెప్పేవాళ్లు లేరు. ‘ఈ కంపెనీవాళ్లు ఏం చూసి రేటు కడతారు? కరువు మాకుంటే రేటు కూడా మాకే ఎక్కువా?’ అని అనంతపురం మెట్ట రైతులు అడుగుతుంటారు. అడగాల్సిన ప్రశ్నే అది. డబ్బు పెట్టి కొనే సరుకు ధర తెలుసుకునే హక్కు రైతుకు ఉంది.

దేశంలో 1985లో సమగ్ర పంటల బీమా పథకం వచ్చింది. అప్పుడు బ్యాంకు, సంఘం అప్పు తీసుకున్నవాళ్లకే బీమా. తిండిగింజలకు నూటికి 2 రూపాయలు, పప్పులు, నూనెగింజలకు 1 రూపాయి ప్రీమియం. నష్టం ఎంత వస్తుందన్న లెక్కతో ఆ రేటుకు సంబంధం లేదు. వసూలైన దానికన్నా చెల్లింపులు చాలా ఎక్కువై, తేడా ప్రభుత్వాల మీద పడింది. 2016 ఖరీఫ్‌లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకంలో పద్ధతి మారింది. కంపెనీలు నష్టం అంచనా కట్టి, టెండరులో రేటు చెబుతాయి. రైతు వాటా మాత్రం ఖరీఫ్‌లో 2 శాతం, రబీలో 1.5 శాతం, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం మించకూడదు. మిగతాది కేంద్రం, రాష్ట్రం పంచుకుని కడతాయి.

రేటు పుట్టేదెక్కడ?

ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు లెక్క అర్థం కావడానికి తీసుకున్నవే. ఒక ఊళ్లో ఏడేళ్ల సగటు దిగుబడులు ఎకరాకు 8, 3, 7, 6, 2, 5, 4 క్వింటాళ్లు అనుకోండి. వీటిలో మంచి ఐదేళ్లు తీసుకుంటే సగటు 6 క్వింటాళ్లు. హామీ 80 శాతం అయితే హామీ దిగుబడి 4.8 క్వింటాళ్లు. దీనికన్నా తగ్గితేనే పరిహారం. ఎకరాకు బీమా మొత్తం 28 వేలు అనుకుంటే, ఈ ఏడాది ఆ ఊరి దిగుబడి 3.6 క్వింటాళ్లకు పడిపోతే లోటు నాలుగో వంతు. పరిహారం 7 వేలు వస్తుంది.

ఇప్పుడు కంపెనీ వైపు నుంచి చూడండి. ఆ ఏడేళ్లలో మూడేళ్లు దిగుబడి హామీకన్నా తక్కువ. 3 క్వింటాళ్ల ఏడు, 2 క్వింటాళ్ల ఏడు, 4 క్వింటాళ్ల ఏడు వచ్చిన లోటు అంతా కలిపి ఏడేళ్లకు పంచితే ఏటా సగటున నూటికి 16 రూపాయలు. అంటే 28 వేల మీద 4,500. ఇది ఒట్టి నష్టం ఖర్చు. దీని మీద ఒక్కసారిగా పెద్ద కరువు వస్తే తట్టుకోవడానికి కొంత, ఆఫీసు ఖర్చులు కొంత, ఈ కంపెనీ ఇంకో పెద్ద కంపెనీ దగ్గర చేసే బీమాకు కొంత, లాభం కొంత కలుపుతారు. అట్లా రేటు నూటికి 20 అయిందనుకుంటే ఎకరాకు 5,600. అందులో రైతు కట్టేది 560. మిగతా 5,040 ప్రభుత్వాలది.

రెండున్నర ఎకరాల మెట్ట రైతుకు 560 చొప్పున 1,400 అవుతుంది. విత్తనాలకే చేబదులు వెతుక్కునే జూన్, జూలై నెలల్లో ఇది చిన్న మొత్తం కాదు. ప్రభుత్వాలు చెయ్యి తీస్తే అదే రైతు 14 వేలు కట్టాలి. ఎవరి వల్లా కాదు. మెట్ట పంటకు బీమా అందుబాటులో ఉండటం కంపెనీ దయ కాదు, ప్రభుత్వ ఖజానా మోస్తున్న బరువు అన్నది గుర్తుంచుకోవాలి.

కరువు జిల్లాకు రెండు దెబ్బలు

పై ఉదాహరణలోనే హామీ 90 శాతం చేస్తే ఒట్టి నష్టం ఖర్చు నూటికి 20కి పెరుగుతుంది. 70 శాతం చేస్తే 12కు దిగుతుంది. అందుకే ప్రీమియం భారం తగ్గించుకోవాలనుకున్న చోట హామీ శాతాన్ని కిందికి దించుతారు. పైగా వరుసగా మూడు, నాలుగేళ్లు పంట పోయిన చోట మంచి ఐదేళ్లు ఏరడానికి మంచి ఏళ్లే మిగలవు. సగటు తనంతట తానే పడిపోతుంది. ఎక్కువ నష్టపోయేవాడికి తక్కువ హామీ, ఎక్కువ రేటు. ఇది కంపెనీ లెక్కలో సరైనదే కావచ్చు, రైతు కడుపు లెక్కలో సరికాదు.

2020లో కేంద్రం ఇంకో గీత గీసింది. నీటి వసతి లేని ప్రాంతాల్లో 30 శాతం, ఉన్న ప్రాంతాల్లో 25 శాతం రేటు వరకే తన వాటా ఇస్తానంది. ఆ పైది రాష్ట్రమే భరించాలి. ఈ గీత ముందుగా తగిలేది కరువు జిల్లాలకే.

కంపెనీల వైపు కూడా ఒక మాట ఒప్పుకోవాలి. మబ్బు పట్టలేదని తేలాక బీమా కడతామంటే ఏ కంపెనీ నిలవదు. నష్టం ఖాయమైనవాళ్లే చేరితే రేటు ఇంకా పెరుగుతుంది. గడువు తేదీ పెట్టడం అందుకే. ప్రతి చేనూ చూడాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది కాబట్టి ఊరిని యూనిట్‌గా తీసుకుంటారు. అయితే ఫారంపాండ్ తవ్వుకుని, ఒక తడి ఇచ్చి పంట కాపాడుకున్న రైతుకు రేటులో ఒక్క రూపాయి తగ్గదు. ఊరంతా బాగుండి తన చేను ఒక్కటే పోయిన రైతుకు ఈ లెక్కలో పరిహారమూ రాదు.

మన వేరుశనగకు వాతావరణ ఆధారిత బీమా అమలు చేస్తూ వచ్చారు. ఇందులో పంటకోత ప్రయోగాలు ఉండవు. వాన ఎంత పడింది, ఎన్ని రోజులు బెట్ట పెట్టింది అన్నదే కొలత. కానీ శెనక్కాయ చేనుకు ఊడలు దిగేటప్పుడు, కాయ ఊరేటప్పుడు వాన కావాలి. మన వానలు గట్టుకు ఇవతల పడి అవతల పడవు. మండల కేంద్రంలో వానమాపకం నిండితే పది కిలోమీటర్ల అవతల ఎండిన చేనుకు ఆ లెక్కతో పనిలేదు.

పంటకు బీమా సరే, ఆదాయానికి?

పంట పండి ధర పడిపోతే ఈ పథకాల్లో పైసా రాదు. టమాటా పారబోసే రైతుకు, ఉల్లి కోయకుండా వదిలేసే రైతుకు ఇది తెలిసిన సంగతే. దిగుబడి, ధర రెండూ కలిపి ఆదాయానికి బీమా ఇవ్వాలని 2003-04 రబీలో కేంద్రం వరి, గోధుమల మీద కొన్ని జిల్లాల్లో ప్రయోగం చేసింది. 2004లోనే ఆపేసింది. మళ్లీ ఆ ఊసు గట్టిగా ఎత్తాల్సిన అవసరం ఉంది.

ఇక గుత్తకు చేసేవాళ్ల సంగతి. పెట్టుబడి వాళ్లది, నష్టం వాళ్లది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం కావాల్సి వచ్చింది. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. నోటి మాట గుత్తలో కాగితం ఉండదు, కాగితం లేనిదే బీమా లేదు. చేను ఎండేది ఒకరిది, పరిహారం పడే ఖాతా ఇంకొకరిది అయితే ఆ బీమా ఎవరిని కాపాడినట్టు?

పథకం ఒక చోట నిలవకపోవడం మరో కష్టం. 2019 ఖరీఫ్ నుంచి రైతు వాటా మన రాష్ట్ర ప్రభుత్వమే కట్టింది. 2020లో కేంద్ర పథకం నుంచి బయటికొచ్చింది, 2022 ఖరీఫ్‌లో మళ్లీ చేరింది. 2024-25 రబీ నుంచి రైతు తన వాటా తనే కట్టే పద్ధతి తిరిగి వచ్చింది. తెలంగాణ కూడా 2020లో బయటికొచ్చింది. ‘బీమా ఉచితమే కదా’ అని నమ్మి గడువు దాటించుకునే రైతు నష్టపోతాడు.

చేయాల్సిన పనులు

సీజనుకు ముందే ప్రతి రైతు సేవా కేంద్రంలో పంటవారీగా హామీ దిగుబడి, ఏడేళ్ల దిగుబడులు, బీమా మొత్తం, కంపెనీ రేటు, ఎవరి వాటా ఎంతో తెలుగులో రాసి పెట్టాలి. వానమాపకాలు మండలానికి ఒకటి రెండు చాలవు, పెంచాలి. కరువు మండలాల్లో హామీని 70 శాతానికి దించకుండా, కేంద్రం 30 శాతం గీతను సడలించాలి. రాష్ట్రం తన వాటా వేళకు కట్టాలి, ఎందుకంటే అది ఆలస్యమైతే పరిహారమూ ఆగుతుంది. మహారాష్ట్ర బీడ్ జిల్లాలో 2020లో ఒక పద్ధతి పెట్టారు. చెల్లింపులు తక్కువైన ఏడు కంపెనీ ప్రీమియంలో 20 శాతం ఉంచుకుని మిగతాది రాష్ట్రానికి తిరిగి ఇవ్వాలి. ప్రీమియంలో 110 శాతం వరకు నష్టం కంపెనీదే, ఆ పైది రాష్ట్రానిది. ఆ లెక్క మన జిల్లాకు పనికొస్తుందేమో ప్రభుత్వం పరిశీలించాలి.

రైతులూ కొన్ని పనులు మరవకూడదు. అప్పు ఉన్నా 2020 నుంచి బీమా తప్పనిసరి కాదు, వద్దనుకుంటే గడువుకు ముందే బ్యాంకులో రాసివ్వాలి. కావాలనుకుంటే పేరు చేరిందో లేదో చూసుకుని రసీదు దాచుకోవాలి. ఈ-క్రాప్‌లో వేసిన పంటే రాయించాలి. దిగుబడి ఆధారిత బీమా ఉన్న పంటకు వడగళ్లు పడినా, కోసి ఆరబెట్టిన పంట 14 రోజుల్లోపు అకాల వానకు తడిసినా 72 గంటల్లో కబురు చేయాలి. పంటకోత ప్రయోగం ఊళ్లో ఏ రోజు ఏ చేనులోనో అడిగి తెలుసుకుని, పదిమంది అక్కడ నిలబడాలి. తూకం మన కళ్ల ముందు జరగాలి. వచ్చే ఏళ్ల హామీ దిగుబడి, ప్రీమియం రేటు రెండూ ఆ తూకం నుంచే పుడతాయి.