తాలు ఏరేది ఎవరు? (అవార్డుల మీద నాలుగో పోస్టు)



పోయిన మూడు పోస్టుల్లో శాలువాల గురించి, సభల గురించి రాస్తే చాలామంది నవ్వుకున్నారు, పంచుకున్నారు. ఇవాళ్టిది నవ్వుకునే సంగతి కాదు. ఇందులో తప్పు చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మా వైపు ఒక సాహిత్య సంస్థ కథల పోటీ పెట్టింది. పేరు చెప్పను. మూడు విభాగాలు: సాధారణ కథ, సైన్స్ ఫిక్షన్ కథ, దళిత కథ. మొదటి రెండిటికీ ఇరవై వేలు. మూడోదానికి ఐదు వేలు. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో నేనొకదాన్ని. నన్నెందుకు పిలిచారో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

సైన్స్ ఫిక్షన్‌కి వచ్చిన వాటిలో ఒక కథ నన్ను రాత్రి నిద్రపోనివ్వలేదు. పత్తి తీసే యంత్రం వచ్చింది. కాయ పగిలిన తీరు చూసి, గుల్ల విరక్కుండా, ఆకు అంటకుండా తీస్తుంది. ఆ నేర్పు దానికెక్కడిది? రెండేళ్ళపాటు పల్లె ఆడవాళ్ళ వేళ్ళకి తీగలు కట్టి, వాళ్ళ చేతుల కదలికలన్నీ దానికి నేర్పారు. తర్వాత వాళ్ళని పనిలోంచి తీసేశారు. అప్పుడు ఒక అమ్మమ్మ కంపెనీవాళ్ళని అడుగుతుంది: "నా చేతులు ఇంకా మీ చేలోనే పనిచేస్తున్నాయి గదయ్యా, మరి నా కూలేది?"

ఇది సైన్స్ ఫిక్షన్ కాకపోతే ఏది సైన్స్ ఫిక్షన్?

పేర్లు తీసేసి ఇచ్చిన కథలే అవి. కానీ కథలో పల్లె ఉంది, చర్చి గంట ఉంది, అమ్మమ్మ పేరు మరియమ్మ. కులం తెలియటానికి అది చాలు. "బాగుంది మేడమ్, కానీ ఇది దళిత కథ విభాగంలో ఉంటే న్యాయం జరుగుతుంది" అన్నారు పక్కనున్న పెద్దాయన. ఇంకొకాయన తలూపాడు. నేను కాసేపు వాదించాను. పొద్దుపోయింది, బస్సు టైమైంది. సంతకం పెట్టాను.

సైన్స్ ఫిక్షన్ బహుమతి అంగారక గ్రహం మీద సంక్రాంతి చేసుకునే కుటుంబం కథకి వెళ్ళింది. అక్కడ కూడా గంగిరెద్దువాడు గుమ్మం బయటే నిలబడ్డాడు. దాన్ని మాత్రం ఎవరూ కుల కథ అనలేదు.

మా అమ్మ మిరప కల్లంలో తాలు ఏరేది. ఎర్రకాయ ఒక కుప్ప, తెల్లబారిన తాలు ఇంకో కుప్ప. గుంటూరు యార్డులో కమీషన్ వ్యాపారి ధర చెప్పేది ఆ తర్వాత. కాయ ఏ కుప్పలో పడిందన్న దగ్గరే దాని ధర సగం తేలిపోతుంది. అవార్డుల్లోనూ అంతే. మనం విజేత పేరు దగ్గర గొడవపడతాం. అసలు పని అంతకు ముందే, విభాగాలు గీసిన రోజునే అయిపోయి ఉంటుంది.

సైన్స్ ఫిక్షన్ ప్రపంచంలో దీని మీద పెద్ద యుద్ధాలే జరిగాయి. హ్యూగో అవార్డులు 1953లో మొదలయ్యాయి. ఇచ్చేది ప్రభుత్వం కాదు, అకాడమీ కాదు, అభిమానులు. వరల్డ్‌కాన్ అనే వార్షిక సమావేశంలో సభ్యత్వం తీసుకున్న పాఠకులే ప్రతిపాదిస్తారు, వాళ్ళే ఓటేస్తారు. 40 వేల పదాలు దాటితే నవల, 7,500 లోపు అయితే చిన్న కథ, మధ్యలో ఇంకో రెండు మెట్లు. కొలత పదాలది, రాసినవాడి పుట్టుకది కాదు. ఒక విభాగం శాశ్వతంగా చేర్చాలన్నా తీసెయ్యాలన్నా వరసగా రెండేళ్ళు సభ్యుల సమావేశంలో నెగ్గాలి. డబ్బు తీసుకోకుండా రాసే అభిమాని రచయితకి, అభిమానుల చిన్న పత్రికకి కూడా అక్కడ అవార్డుంది. మనకి కరంచేడు, చుండూరు తర్వాత కరపత్రాలే సాహిత్యమయ్యాయి, 'నలుపు' లాంటి పత్రికలే బడి అయ్యాయి. వాటికి మన ఏ అవార్డులో గది ఉంది?

అలాగని అదేదో స్వర్గమని చెప్పటం లేదు. ఓటు హక్కుకి సుమారు 50 డాలర్లు కట్టాలి. పత్తి తీతకెళ్ళే మనిషికి అది ఎన్ని రోజుల కూలో లెక్కేసుకోండి. నల్లజాతి రచయిత శామ్యూల్ డిలేనీ తన 'నోవా' నవల గురించి తనే రాశాడు: నల్లవాడు కథానాయకుడైతే మా పాఠకులు ఒప్పుకోరని జాన్ కాంప్‌బెల్ అనే సంపాదకుడు ధారావాహికగా వెయ్యనన్నాడని. ఆ కాంప్‌బెల్ పేరుతోనే కొత్త రచయితల అవార్డు 1973 నుంచి ఇస్తూ వచ్చారు. 2019లో ఆ అవార్డు అందుకున్న జానెట్ ఎన్‌జీ వేదిక మీదే ఆయన్ని ఫాసిస్టు అంది. ఆ నెలలోనే అవార్డు పేరు మార్చారు. మన వేదికల మీద అలా ఒక్క మాట అని చూడండి. మైకు ముందు పోతుంది, కరెంటు తర్వాత పోతుంది.

2015లో రంగు మనుషులకీ ఆడవాళ్ళకీ అవార్డులు ఎక్కువైపోతున్నాయని ఏడ్చిన ఒక గుంపు మూకుమ్మడిగా ప్రతిపాదనలు వేసి జాబితాల్ని నింపేసింది. మామూలు ఓటర్లు ఏం చేశారు? బ్యాలెట్‌లో 'ఎవరికీ వద్దు' అనే గడి ఉంటుంది. ఐదు విభాగాల్లో ఆ గడినే గెలిపించారు. తర్వాత 2016, 2017, 2018 వరసగా మూడేళ్ళు ఉత్తమ నవల అవార్డు నల్లజాతి రచయిత్రి ఎన్.కె. జెమిసిన్‌కి వచ్చింది. 'నల్లజాతి నవల' విభాగంలో కాదు. ఉత్తమ నవల.

2023లో చైనాలోని చెంగ్డూలో అవార్డులిచ్చినప్పుడు ఆర్.ఎఫ్. క్వాంగ్ 'బేబెల్' తుది జాబితాలోనే లేదు. ఎవరికీ ఎందుకో తెలియలేదు. కానీ ఓట్ల లెక్కలు 90 రోజుల్లో బయటపెట్టాలని నియమం ఉంది. 2024 జనవరిలో లెక్కలు వచ్చాయి. ఓట్లు ఉన్నా కారణం చెప్పకుండా 'అనర్హం' అని పక్కన పెట్టారని అప్పుడు బయటపడింది. దొంగతనం అక్కడా జరిగింది. తేడా ఏమిటంటే, అక్కడ దొంగని పట్టించే లెక్కల పుస్తకం ఒకటుంది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. కేంద్ర సాహిత్య అకాడమీ భాషకి ఏటా ఒక్క పుస్తకానికి ప్రధాన అవార్డిస్తుంది. కవిత్వం, నవల, విమర్శ అన్నీ ఒకే బరిలో. మన వినుకొండ జాషువా 'గబ్బిలం' రాసింది 1941లో. అప్పటికి అకాడమీయే లేదు. 1964లో అవార్డు వచ్చింది 'క్రీస్తు చరిత్ర'కి. మన వేజెండ్ల కొలకలూరి ఇనాక్ గారిని తెలుగు పాఠకులు కథకుడిగా గుండెకి హత్తుకున్నారు. 2018లో అవార్డు వచ్చింది 'విమర్శిని' అనే విమర్శ పుస్తకానికి. న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి: 1975లో బోయి భీమన్న 'గుడిసెలు కాలిపోతున్నాయ్'కి ఇచ్చారు. భీమన్నకీ ఇనాక్‌కీ మధ్య 43 ఏళ్ళు. కరంచేడు 1985, చుండూరు 1991, 'చిక్కనవుతున్న పాట' 1995, అన్నీ ఆ మధ్యలోనే. ఆ 43 ఏళ్ళ జాబితా తీసి మీరే చదువుకోండి. ముగ్గురు సభ్యుల జ్యూరీ పేర్లు చెబుతారు. ఏ పుస్తకం ఏ మెట్టు మీద, ఎన్ని ఓట్ల తేడాతో ఆగిందో హ్యూగోలా అంకెల్లో పెట్టరు.

"ప్రత్యేక విభాగం పెట్టాం కదా, ఇంకేం కావాలి?" అంటారు. రిజర్వేషన్‌తో పోలుస్తారు. రిజర్వేషన్ మనల్ని అదే తరగతి గదిలో, అదే బెంచీ మీద కూర్చోబెట్టింది. మీ విభాగం వేరే గ్లాసు పెట్టింది. రెండూ ఒకటెలా అవుతాయి?

నాకు అన్నిటికంటే నొప్పి కలిగించింది డబ్బు తేడా కాదు. మన పిల్ల గతాన్ని రాస్తే ఒప్పుకుంటారు. ఆకలి రాస్తే, అవమానం రాస్తే కన్నీళ్ళు పెట్టుకుంటారు. భవిష్యత్తు రాస్తే మాత్రం "ఇది మీ విభాగం కాదమ్మా" అంటారు. అంటే రేపటి మీద కూడా ఇవాళే పట్టా రాసేసుకున్నారన్నమాట.

కాబట్టి సంస్థల్ని అడుగుదాం. కథ ఏ విభాగంలో ఉండాలో రాసినవాళ్ళే చెప్పాలి, రచయితని అడక్కుండా మార్చకూడదు. విభాగాలన్నిటికీ బహుమతి ఒక్కటే ఉండాలి. చివరిదాకా వచ్చిన కథల పేర్లు, ఓట్లు బయటపెట్టాలి. 'ఈ ఏడు ఎవరికీ లేదు' అనే గడి ఉండాలి. ఈ నాలుగూ రాసివ్వని జ్యూరీలో నేనింక కూర్చోను.

ఆ అమ్మాయిని తర్వాత వెతుక్కుంటూ వెళ్ళి కలిశాను. డిగ్రీ రెండో సంవత్సరం. జరిగింది మొత్తం చెప్పి క్షమాపణ అడిగాను. బహుమతి తిప్పి పంపమంటారా అని అడిగింది. హాస్టల్ బాకీ ఉందని ఆమె చెప్పకపోయినా తెలుస్తూనే ఉంది. "డబ్బు తీసుకో తల్లీ, అది నీ కష్టం. ఆ విభాగం పేరు మాత్రం నీది కాదు" అన్నాను.

ఆమె కాసేపు ఊరుకుని, "మీరెందుకు సంతకం పెట్టారు మేడమ్?" అంది.

బస్సు టైమైందని చెప్పలేకపోయాను.