బలవంతుడు ఓడిన పందెం

బాలలూ! యూట్యూబు పేరు తెలియనివారు మీలో ఎవరూ ఉండరు. మరి, గూగుల్ వీడియో పేరు ఎందరు విన్నారు? వినకపోయినా మీ తప్పు లేదు, అది 2012లోనే మూతపడింది. ఐతే ఒకప్పుడు ఈ రెండూ పోటీ పడినవే.

గూగుల్ వీడియో 2005 జనవరిలో మొదలయింది. దాని వెనుక పెద్ద కంపెనీ, కావలసినంత ధనం, ఆరితేరిన ఇంజనీర్లు ఉన్నారు. మరుసటి నెలలో చాడ్ హర్లీ, స్టీవ్ చెన్, జావెద్ కరీం అనే ముగ్గురు యువకులు అమెరికాలోనే యూట్యూబును ప్రారంభించారు. ఏప్రిల్ 23న అందులో చేరిన మొట్టమొదటి వీడియో నిడివి 19 సెకండ్లు. కరీం జంతు ప్రదర్శనశాలలో ఏనుగుల ముందు నిలబడి నాలుగు మాటలు చెబుతాడు, అంతే!

మరి బలవంతుడు ఎట్లా ఓడాడు?

వీడియోను ఉన్నదున్నట్టు పంపాలంటే చాలా చోటు పడుతుంది. అందుచేత దాన్ని అంకెలుగా మార్చి, పరుపును చుట్టి తాడుతో బిగించినట్టు కుదించి పంపుతారు. అందుకున్న కంప్యూటరులో ఆ చుట్టను విప్పే ప్రోగ్రాము ఉండాలి. గూగుల్ వీడియో మొదట్లో, చూడదలచినవారిని ఆ ప్రోగ్రాము వేరే తెచ్చి పెట్టుకోమన్నది. యూట్యూబు వారేమో అప్పటికే చాలా కంప్యూటర్లలో ఉన్న ఫ్లాష్ అనే ప్రోగ్రామును వాడుకున్నారు. ఇక్కడ నొక్కగానే అక్కడ బొమ్మ కదిలేది. కొన్నాళ్లకు గూగుల్ కూడా ఆ దారికే వచ్చింది.

వీడియో పంపేవారికీ ఇటువంటి చిక్కే. గూగుల్ వారు దాన్ని పరిశీలించి ఆమోదించిందాకా, అది ఎవరికీ కనిపించేది కాదు. యూట్యూబులో ఆ నిరీక్షణ లేదు. పైగా యూట్యూబు వీడియోను ఎవరైనా తమ సొంత పేజీలో అతికించుకోవచ్చు. అసలు కీలకం ఇదేనని నా అభిప్రాయం. అతికించిన ప్రతివాడూ జీతం లేని ప్రచారకుడయినాడు!

పరిశీలించటం మంచిదే గదా అని మీ నాన్నగారు అనవచ్చు. నిజమే. తలుపులు బార్లా తెరిచి పెట్టినందువల్ల యూట్యూబులోకి పరాయి సొత్తు కూడా వచ్చి చేరింది. వయాకామ్ అనే సంస్థ 2007లో దావా వేసింది. కాని పందెం అప్పటికే ముగిసింది. 2006 అక్టోబరులో గూగులే యూట్యూబును 165 కోట్ల డాలర్ల విలువకు కొనేస్తున్నట్టు ప్రకటించింది.

డబ్బిచ్చి కొనుక్కున్నవారి పాట్లు మరీ చిత్రం. 2006 జనవరిలో గూగుల్ వీడియో టెలివిజను కార్యక్రమాలు అమ్మే అంగడి ఒకటి తెరిచింది. 2007 ఆగస్టులో దాన్ని మూసేసింది. దానితో, జనం కొనుక్కున్న వీడియోలు కూడా ఆడటం మానేశాయి! ఎందుకంటే, వాటిని ఆడించటానికి గూగుల్ అనుమతి కావాలి. అనుమతి ఇచ్చే యంత్రం కాస్తా ఆగిపోయింది. జనం గోలపెట్టాక డబ్బు తిరిగి ఇచ్చారు.

పుస్తకాల షాపు మూసినా, మనం కొన్న పుస్తకం మన బీరువాలోనే ఉంటుంది. మీ ఇంట్లో ఎవరైనా ఫోనులో సినిమా కొన్నామంటే, అది ఎక్కడ ఉన్నదో అడిగి చూడండి.