వెంటిలేటర్ ఉంది సరే.. రాత్రి 2 గంటలకు చూసేదెవరు?

గరివిడి, చీపురుపల్లి వైపు ఎవరికైనా ఊపిరాడక సీరియస్ అయితే విజయనగరమో, విశాఖో పరుగెత్తాల్సిందే. అక్కడ బంధువులు ముందుగా అడిగేది ఒక్కటే.. వెంటిలేటర్ ఖాళీ ఉందా? కోవిడ్‌లోనూ ఇదే ప్రశ్న. 2020లో విశాఖ మెడ్‌టెక్ జోన్‌లోనే వెంటిలేటర్లు తయారయ్యాయి. కానీ మెషీన్ దొరికితే సగం పనే అయినట్టు.

ఎందుకంటే.. వెంటిలేటర్ మీద ఉన్నా చాలామంది పేషెంట్లు సొంతంగా కూడా గాలి పీలుస్తుంటారు. ఆ ప్రయత్నాన్ని పసిగట్టి మెషీన్ సాయం అందించాలి. ఇక్కడ లయ తప్పితేనే కష్టం. పేషెంట్ పీల్చినా ఒక్కోసారి మెషీన్ గుర్తించదు. ఒక్కోసారి ఒకే శ్వాసకు రెండుసార్లు గాలి నెట్టేస్తుంది. అప్పుడు ఊపిరితిత్తులు అతిగా సాగి దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఇది అరుదైన సమస్యేం కాదు. 2006లో వచ్చిన ఓ అధ్యయనంలో 62 మందిని గమనిస్తే, దాదాపు నలుగురిలో ఒకరికి లయ బాగా తప్పినట్టు తేలింది. వాళ్లు మిగతావారికంటే ఎక్కువ రోజులు వెంటిలేటర్ మీదే ఉన్నారు. మెషీన్ సాయం మరీ ఎక్కువైనా ఈ తేడా వస్తుంది. సెట్టింగ్ మారిస్తే చాలావరకు తగ్గుతుంది.

అయితే ముందు దాన్ని గుర్తించాలి కదా! పేషెంట్ ఛాతీ కదలికను, స్క్రీన్ మీది గీతలను కలిపి చదవగలిగే నర్సు, టెక్నీషియన్ బెడ్ దగ్గరే ఉండాలి. 2023లో విజయనగరంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. ఈ ట్రైనింగ్‌కు అదే సరైన చోటు. ఇకపై ఏ ఆసుపత్రైనా వెంటిలేటర్ల లెక్క చెప్పినప్పుడు, నైట్ షిఫ్ట్‌లో వాటిని చూసుకునేవాళ్ల లెక్క కూడా చెప్పాలి.