చెప్పుకోలేని ఆపరేషన్

అబిడ్స్ సర్కిల్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు నడిస్తే, అటూ ఇటూ సందులతో కలిపి, తిండి వాసన తగలని మలుపు దాదాపు ఉండదు. తాజ్‌మహల్ హోటల్ ఇడ్లీ, గ్రాండ్ హోటల్ బిర్యానీ, పుల్లారెడ్డి నేతి మిఠాయి, సుభాన్ బేకరీ ఉస్మానియా బిస్కెట్లు, కాస్త పక్కకు మళ్లితే మొజంజాహీ మార్కెట్ ఐస్‌క్రీమ్. రంజాన్ నెలలో హలీం బట్టీలు. జనవరి 1 నుంచి ఫిబ్రవరి నడిమి దాకా ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో నుమాయిష్, అక్కడ ఇంటిల్లిపాదీ కలిసి తినే మిరపకాయ బజ్జీలు.

పొట్టకు గ్యాస్ట్రిక్ బ్యాండ్ వేయించుకున్న మనిషికి ఈ వీధుల్లో ఒక విచిత్రమైన కష్టం ఉంది. బిర్యానీ అడ్డుపడుతుంది, మెత్తగా దంచిన హలీం జారిపోతుంది. డబుల్‌రొటీ దిగదు, ఛాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్ కరిగి దిగిపోతుంది. చికెన్ ముక్క ఛాతీలో ఆగిపోతుంది, ఐస్‌క్రీమ్, ఫలూదా మాత్రం ఎన్ని కప్పులైనా హాయిగా లోపలికెళ్తాయి. ఒంటికి కావలసినవేమో ఆగిపోతాయి, వద్దన్నవేమో దారి చేసుకుంటాయి. ఎంత తినాలో బ్యాండ్ చెబుతుంది గానీ ఏది తినాలో చెప్పదు. బెంగగా ఉన్న సాయంత్రం చెయ్యి ఎటు పోతుందన్నది దాని పరిధిలో లేని విషయం.

బ్యాండ్ పనితీరు వినడానికి తేలిక. పొట్ట పైభాగాన సిలికాన్ పట్టీ బిగిస్తారు. దానిపైన మిగిలే చిన్న సంచిలో మొదట ఒకటి రెండు చెంచాల ఆహారమే పడుతుంది. పట్టీ నుంచి సన్నటి గొట్టం ఒకటి చర్మం కింద అమర్చిన బిళ్ల దాకా వస్తుంది. డాక్టరు పొట్టమీద వేళ్లతో తడిమి ఆ బిళ్ల ఎక్కడుందో పట్టుకుంటాడు, సూది గుచ్చి కొద్దిగా సెలైన్ ఎక్కిస్తాడు. లోపల పట్టీ బిగుసుకుంటుంది. లేచి కూర్చోబెట్టి నీళ్లు గుక్క గుక్కగా తాగమంటారు. దిగితే ఇంటికి పంపుతారు, దిగకపోతే కొంత సెలైన్ వెనక్కి లాగుతారు. ఇలా వదులు చేస్తూ, బిగిస్తూ నెలలు గడుస్తాయి. ఇంటి దగ్గర ఒక ఇడ్లీకి ఇరవై నిమిషాలు పడుతుంది. నమిలిందే మళ్లీ నమలాలి. అన్నం తింటూ నీళ్లు తాగకూడదు. తొందరపడితే ఛాతీ మధ్య రాయి పెట్టినట్టు పట్టేస్తుంది, నోట్లో చిక్కటి చొంగ ఊరుతుంది. ఇక లేచి వాష్‌బేసిన్ వెతుక్కోవడమే.

పెళ్లిభోజనం దగ్గర ఇదెలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఎదురుగా విస్తరి, పక్కన ఆడపడుచు. 'అదేంటి వదినా, అన్నం కెలుకుతూ కూర్చున్నావ్?' వెనక నుంచి మేనత్త: 'చిక్కి సగమైపోయావు కదే, షుగరా ఏంటి?' ఆపరేషన్ సంగతి ఇంట్లో ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు. మొహమాటానికి రెండు ముద్దలు గబగబా తింటుంది. మూడో ముద్దకి లేచి పరుగెత్తాల్సి వస్తుంది. తిరిగొచ్చేసరికి పంక్తిలో గుసగుసలు మొదలై ఉంటాయి. ఇలాంటి పెళ్లిళ్లు నాలుగైతే ఆ మనిషి ఐదో పెళ్లికి వెళ్లదు. బరువు తగ్గాక నలుగురిలోకీ ధైర్యంగా వస్తుందనుకున్న మనిషి ఇంట్లోనే ఉండిపోతుంది.

అసలు దాచడం ఎందుకు? లావుగా ఉన్నన్నాళ్లూ నోరు కట్టుకోలేదన్న నింద, ఆపరేషన్ చేయించుకుంటే అడ్డదారి తొక్కిందన్న నింద. ఈ రెండో నింద మన దగ్గరే పుట్టింది కాదు. బ్రిటన్‌లో టీవీ వ్యాఖ్యాత ఫెర్న్ బ్రిటన్ బాగా సన్నబడితే జనం మెచ్చుకున్నారు. బ్యాండ్ వేయించుకున్నానని 2008లో ఆమె ఒప్పుకోగానే ఆ మెచ్చుకున్నవాళ్లలోనే చాలామంది మోసం చేసిందన్నారు. అమెరికాలో న్యూజెర్సీ గవర్నరుగా ఉన్న క్రిస్ క్రిస్టీ 2013 ఫిబ్రవరిలో రహస్యంగా బ్యాండ్ వేయించుకుని, మేలో గానీ బయటపెట్టలేదు. భార్యాపిల్లల కోసం చేయించుకున్నానని అప్పుడు చెప్పాడు. అంతటి పదవిలో ఉన్న మనిషే నెలల తరబడి దాచాల్సి వస్తే, అబిడ్స్‌లో రోజంతా నిలబడి చీరలు చూపించే సేల్స్ గర్ల్‌కి చెప్పుకునే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? మన దేశంలో నితిన్ గడ్కరీ 2011లో, అరుణ్ జైట్లీ 2014లో బేరియాట్రిక్, అంటే బరువు తగ్గించే, ఆపరేషన్ చేయించుకున్న సంగతి అందరికీ తెలుసు. ఇక్కడ రాజకీయాల్లో ఉన్న మగవాళ్లకు అది ఆరోగ్య సమస్య. సినిమాల్లో ఉన్న ఆడవాళ్లకు, పెళ్లికి ఎదిగిన ఆడపిల్లలకు అదే పరువు సమస్య అయిపోతుంది.

తెలుగువాళ్లు ఈ మాట వచ్చినప్పుడల్లా తలచుకునే పేరు ఆర్తి అగర్వాల్. 2001లో 'నువ్వు నాకు నచ్చావ్'తో ఇంటింటికీ దగ్గరైన ఆ నటి 2015 జూన్ 6న అమెరికాలో, ముప్పై ఒక్క ఏళ్లకే కన్నుమూసింది. అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకుందని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. ఆ వార్త తర్వాత 'బరువు తగ్గే ఆపరేషనా, వద్దమ్మా, ఆర్తి అగర్వాల్ ఏమైందో తెలుసుగా' అనే మాట తెలుగు ఇళ్లలో స్థిరపడిపోయింది. ఇక్కడ ఒక తేడా గట్టిగా చెప్పాలి. లైపోసక్షన్ చర్మం కింద కొవ్వును పీల్చేసేది, ఆకృతి కోసం చేసేది. స్థూలకాయానికి అది చికిత్స కాదు. బేరియాట్రిక్ పద్ధతులైన బ్యాండ్, స్లీవ్, బైపాస్ పొట్ట మీద, జీర్ణమార్గం మీద చేసేవి, మధుమేహం, రక్తపోటు, నిద్రలో ఊపిరి ఆగడం లాంటి జబ్బుల్ని దృష్టిలో పెట్టుకుని చేసేవి. రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్ల అవసరం ఉన్నవాళ్లు భయపడి ఆగిపోతున్నారు, అవసరం లేనివాళ్లు అందం కోసం కత్తి కిందకి వెళ్తున్నారు.

ఆర్తి పోయిన ఏడాదే నవంబరులో 'సైజ్ జీరో' సినిమా వచ్చింది. అందులో నాయిక పాత్ర కోసం అనుష్క కిలోల కొద్దీ బరువు పెరిగింది. లావుపాటి కూతురికి పెళ్లి కాదేమోనని తల్లి పడే ఆరాటాన్ని, సన్నబడటం పేరుతో సాగే వ్యాపారాన్ని ఆ సినిమా సూటిగానే చూపించింది. కానీ ఆ తర్వాత ఏళ్ల తరబడి అనుష్క ఎక్కడ కనిపించినా జనం మాట్లాడింది ఆమె ఒంటి గురించే. లావుపాటి మనిషిని తెరమీద నవ్వించడానికి తప్ప దేనికీ వాడని అలవాటు మన సినిమాలకు దశాబ్దాలుగా ఉంది. ఆ నవ్వు థియేటర్‌తో ఆగిపోదు, బడికీ ఆఫీసుకీ పెళ్లిచూపులకీ వస్తుంది.

బ్యాండ్ కాలం ఇప్పుడు దాదాపు ముగిసింది. 1993లో బెల్జియంలో కీహోల్ పద్ధతిలో మొదలై, 2001లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పొందిన ఈ పద్ధతి ఒక దశలో అక్కడి బరువు ఆపరేషన్లలో మూడో వంతు దాకా ఆక్రమించింది. పదేళ్లు తిరక్కుండా నూటికి ఒకటి స్థాయికి పడిపోయింది. పట్టీ జారిపోవడం, పొట్టగోడను కోసుకుని లోపలికి పోవడం, బిళ్ల దగ్గర ఇన్ఫెక్షన్, వాంతులు, తగ్గిన బరువు తిరిగి రావడం వంటి కారణాలతో వేలమంది తీయించుకున్నారు. ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా చేసేది స్లీవ్. అందులో పొట్టలో ముప్పాతిక భాగం పైగా తీసేస్తారు, దాంతోపాటు ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను కూడా చాలావరకు తగ్గుతుంది. బ్యాండ్ కన్నా ఫలితం మెరుగు. అయితే పొట్ట మారినంత వేగంగా మనసు మారదు. ఈ మాట బ్యాండ్‌కీ స్లీవ్‌కీ సమానంగా వర్తిస్తుంది.

ఆపరేషన్ తర్వాత ఆరేడు నెలలకు ముప్పై కిలోలు తగ్గిన మనిషి అబిడ్స్‌లో రెడీమేడ్ దుకాణానికి వెళ్లి అలవాటు చొప్పున డబుల్ ఎక్సెల్ అడుగుతుంది. సేల్స్‌మన్ ఎగాదిగా చూసి మీడియం తెచ్చిస్తాడు. ట్రయల్ రూంలో అది సరిగ్గా సరిపోతుంది. అయినా అద్దంలో ఆమెకు కనిపించేది పాత మనిషే. వేలాడే చర్మం, దువ్వెనకు కుచ్చులుగా వచ్చే జుట్టు, 'ముఖంలో కళ పోయింది' అనే చుట్టాలు ఆ అనుమానాన్ని ఇంకా పెంచుతారు. అంతకన్నా లోతైన సంగతి మరొకటి ఉంది. కోపం వచ్చినా దిగులు పడినా ఒంటరిగా అనిపించినా ఇన్నేళ్లూ ఆదుకున్నది తిండే. ఆ ఆసరా ఒక్క ఉదయంతో పోయింది. బదులుగా ఏదీ చేతికి రాలేదు. కొంతమంది మద్యానికి అలవాటు పడటం, ముఖ్యంగా బైపాస్ అయినవాళ్లలో, వైద్యులు గమనించిన విషయమే.

కెనడాలో ఒంటారియో రాష్ట్రంలో బేరియాట్రిక్ ఆపరేషన్ చేయించుకున్న ఎనిమిది వేల ఎనిమిది వందల మంది పైచిలుకు రోగుల రికార్డులు చూసి 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. తమకు తాము హాని చేసుకుని అత్యవసర విభాగానికి వచ్చిన సందర్భాలు ఆపరేషన్‌కు ముందు మూడేళ్లతో పోలిస్తే తర్వాతి మూడేళ్లలో దాదాపు సగం మేర పెరిగాయి, అవీ ఎక్కువగా రెండో, మూడో సంవత్సరాల్లో. అంటే చుట్టూ ఉన్నవాళ్లు అంతా బాగుందనుకునే సమయంలో. స్వీడన్ పరిశోధకులు 2018లో ఇంకో సంగతి బయటపెట్టారు: ఆపరేషన్ తర్వాత విడిపోయిన జంటలూ ఎక్కువే, ఒంటరిగా ఉన్నవాళ్లు కొత్త బంధంలోకి అడుగుపెట్టడమూ ఎక్కువే. ఒక మనిషి మారితే ఇంట్లో పాత లెక్కలన్నీ మారతాయి. లావుగా ఉన్న భార్య మాట పడి ఊరుకునేది, ఇప్పుడు ఎదురు చెబుతుంది. దీన్ని ఆమె పొగరు అనేవాళ్లకు ఆమె పాత మౌనం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదనే అనుకోవాలి.

ఇదంతా ఆపరేషన్ వద్దనడానికి చెబుతున్నది కాదు. 1987లో మొదలైన స్వీడన్ దీర్ఘకాల అధ్యయనంలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో మరణాలు చేయించుకోనివాళ్ల కన్నా స్పష్టంగా తగ్గాయి. ఎంతోమందికి షుగరు మాత్రలు మానేసే వీలు చిక్కింది. అవసరం చిన్నదీ కాదు: 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 30 మంది ఆడవాళ్లు, 32 మంది మగవాళ్లు అధిక బరువుతోనో స్థూలకాయంతోనో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లు 36 మంది. వీళ్లందరికీ కత్తి అక్కర్లేదు. అక్కరున్న పేదవాడికి దారి దొరకడం మాత్రం ఈ మధ్యనే మొదలైంది. అబిడ్స్‌కు కూతవేటు దూరంలోని ఉస్మానియా ఆసుపత్రిలో రెండు వందల కిలోలు దాటిన ఒక యువకుడికి బేరియాట్రిక్ ఆపరేషన్ చేసిన వార్త 2023 ఆరంభంలో వచ్చింది. ప్రైవేటులో లక్షలు పోయాల్సిన చికిత్స ప్రభుత్వ ఆసుపత్రిలో జరగడం గర్వించదగ్గ విషయం. ఆరోగ్య బీమాలోనూ 18 ఏళ్లు నిండి, బీఎంఐ 40, ఆపైన ఉన్నవాళ్లకు, లేదా తీవ్రమైన అనుబంధ జబ్బులతో 35, ఆపైన ఉన్నవాళ్లకు, డాక్టరు సలహాతో ఖర్చు చెల్లించే వీలు బీమా నియంత్రణ సంస్థ నిబంధనల్లో ఉంది. చాలామంది ఈ సంగతి తెలియక ఇంట్లో బంగారం తాకట్టు పెడుతున్నారు.

అడగాల్సింది ఆపరేషన్ తర్వాతి సంగతే. నగరంలో హోర్డింగులు ముందూ తర్వాతా అంటూ రెండు ఫోటోలు చూపిస్తాయి, ఆ రెండో ఫోటో తర్వాత ఏమవుతుందో ఏ హోర్డింగూ చూపించదు. విటమిన్ బి12, ఐరన్ లాంటివి ఏళ్ల తరబడి వేసుకోవాలి, రక్తపరీక్షలు చేయించుకోవాలి. పెళ్లైన కొత్తలో చేయించుకున్న అమ్మాయి ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం వాయిదా వేసుకోవాలి. అత్తగారికి చెప్పకుండా ఇది ఎలా సాధ్యం? 'ఇంకా విశేషమేమీ లేదా' అని నెలనెలా అడిగే ఇంట్లో, ఆపరేషన్‌ని దాచిన అమ్మాయి రెండు రహస్యాలు మోయాలి. రహస్యం వల్ల మందులు ఆగిపోతాయి, చెకప్పులు తప్పిపోతాయి. వాంతులు అవుతున్నా ఎవరికీ చెప్పుకోలేక నీరసించిపోతారు.

2025 మార్చిలో మౌంజారో ఇంజెక్షను మన మార్కెట్లోకి వచ్చాక కత్తి అవసరం లేకుండానే బరువు తగ్గే దారి కొందరికి దొరికింది. దాన్నీ ఇప్పటికే చాలా ఇళ్లలో ఫ్రిజ్‌లో కూరగాయల కవరు వెనక దాస్తున్నారు. సాధనం మారింది, సిగ్గు మాత్రం అలాగే ఉంది.

బేరియాట్రిక్ చేసే ప్రతి ఆసుపత్రీ, ప్రైవేటుదైనా సర్కారుదైనా, ఆపరేషన్‌కు ముందు భార్యనో భర్తనో అమ్మనో కూర్చోబెట్టి అన్నీ చెప్పాలి. తర్వాత కనీసం మూడేళ్లు మనస్తత్వ నిపుణుడిని అందుబాటులో ఉంచాలి, ఆ ఖర్చును ప్యాకేజీలో భాగం చెయ్యాలి. ఉస్మానియాలో నెలకో రోజు, ఒక గది, తెలుగూ ఉర్దూ తెలిసిన ఒక కౌన్సెలరూ ఒక డైటీషియనూ ఉంటే చాలు. ఆపరేషన్ అయినవాళ్లు అక్కడ కూర్చుని హలీం ఎలా వదులుకున్నదీ, పెళ్లిలో అత్తయ్యకు ఏం చెప్పిందీ ఒకరికొకరు చెప్పుకుంటారు. రాత్రిపూట మనసు బాగోలేకపోతే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చన్న సంగతి డిశ్చార్జ్ కాగితం మీద, మాత్రల పేర్ల కింద, పెద్ద అక్షరాల్లో అచ్చు వెయ్యడానికి అదనపు బడ్జెట్ కూడా అక్కర్లేదు.